ఐదో దొన్నె

నర్సీపట్నం అబ్కారీ కచేరీలో నేను పదకొండేళ్లు కల్లు పరీక్ష గుమాస్తాగా చేశాను. ఆ పదకొండేళ్లలో కల్లు గురించి ఎవరేమడిగినా నా నోట ‘తెల్దు’ అన్నమాట రాలేదు. ముంత తెచ్చి ఎదుట పెడితే ఒక్క గుక్క పుచ్చుకుని ఇది తాడా, ఈతా, జీలుగా, ఏ ఊరి చెట్టుది, పొద్దుట దించిందా, మాపటేళ దించిందా చెప్పేసేవాణ్ణి. పుట్టింది కల్లుగీత కులంలో. మా నాయన చెట్టెక్కి దించుతుంటే కింద నిలబడి తాగి పెరిగాను. మూడో ఫారం దాకా చదివిన మాట నిజమే గాని, నాకు సర్కారు కొలువు ఇప్పించింది ఆ చదువు కాదు, ఈ నాలుక. దొంగకల్లు ఏ తోపులోంచి దిగిందో నేను చెప్పేవాణ్ణి, ఆ తోపువాడు జైలుకి పోయేవాడు. అలా పోయినవాళ్లలో మా మేనమామ కొడుకు కూడా ఉన్నాడు. నాలుకకి చుట్టరికాలు ఉండవని అప్పట్లో మీసం దువ్వుకుంటూ చెప్పుకునేవాణ్ణి.

మా నాయన నాకు ఇంకో అలవాటు కూడా చేశాడు. తాగిన కల్లు ఏ చెట్టుదో ఆ చెట్టున్న దిక్కుకి తిరిగి, దొన్నెలో మిగిలిన ఆఖరి బొట్టు నేలకి వదలాలి. “సెట్టు నీకిచ్చింది గదా, మరి సెట్టుకి నువ్వేటిచ్చినావురా?” అని అడిగేవాడు. మరిచిపోతే మోకుతో వీపు మీద ఒకటి పడేది. ఆ దెబ్బలకి అది ఒంట్లో ఇంకిపోయింది. రుచి తెలియగానే నేను తిరగక్కర్లేదు, కాళ్లే తిరిగేవి. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ కాళ్లు తెచ్చిపెట్టిన ముప్పు గురించే.

అవి మన్యంలో దొరల మీద పితూరీ, అంటే తిరుగుబాటు, నడుస్తున్న రోజులు. 1923 చైత్రమాసం. నర్సీపట్నం నిండా పటాలాలు దిగాయి. ఎక్కడ చూసినా డేరాలు, గుర్రాలు, బూట్ల చప్పుడు. కొండ మీద కొన్ని గూడేలు పితూరీదారులకి బియ్యం ఇస్తున్నాయని అనుమానం వచ్చి, ఆ గూడేలని ఖాళీ చేయించి, జనాన్ని గొలుగొండ రోడ్డు పక్క పాకల్లోకి దించారు. ఖాళీ చేసిన గూడెంలో ఆ తరవాత ఎవరు కనపడినా వాళ్లు పితూరీవాళ్లకిందే లెక్క. ముందు తుపాకీ పేలేది, ఆ తరవాతే పేరడిగేవారు.

దొరలు ఇంతమంది దిగాక వాళ్లకి తిండీ తాగుడూ కావాలి కదా. వాల్తేరు క్లబ్బులో పదిహేనేళ్లు బట్లరుగా చేసిన సోమసుందరం రోడ్డు మీద ఒక పెంకుటిల్లు అద్దెకి తీసుకుని హోటలు పెట్టాడు. మనిషి మంచివాడే గాని, క్లబ్బు గాలి ఒంటికి పట్టింది. దొరల హోటళ్లలో తాగుడు సరుకులకి ఒక అట్ట ఉంటుందట. ఏ ద్రాక్ష ఏ సీమలో, ఏ కొండవాలు మీద కాసిందో అందులో రాసి ఉంటుందట. దొర ఆ అట్ట చదివి, మీసం సవరించుకుని, ఫలానా కొండది పట్టుకురా అంటాడట.

“మనకి మాత్రం కొండల్లేవేటండీ జోగులుగారూ?” అన్నాడు నాతో. “సీమ సరుకు ఈ ఎండల్లో ఇక్కడికొచ్చేసరికి పులిసిపోతంది. మన సుట్టుపక్కల సరుకే ఊరి పేర్లతో అట్ట కట్టిస్తాను. సూడండి తమాషా.”

అన్నట్టే కట్టించాడు. పటాలం పెద్దదొరగారి దుబాసీ యాజులుగారి చేత ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంగ్లీషులో రాయించాడు. నక్కపల్లి తాటికల్లు, ఏటికొప్పాక ఈతకల్లు, పాయకరావుపేట కొబ్బరికల్లు, మాడుగుల ఇప్పసారా, గొలుగొండ జీలుగుకల్లు, చోడవరం బెల్లంసారా. మొత్తం ఆరు. ఎదురుగా ఆరు ఊళ్ల గుణాలూ రాయించాడు. ఒకటి చలవట, ఒకటి నిద్రకి మంచిదట. చదువుతుంటే నాకే నోరూరింది.

పటాలం పెద్దదొర ఆ అట్ట చూసి నవ్వాడట. ఒకే కుండలోది ఆరు గ్లాసుల్లో పోసి ఆరు పేర్లు పెట్టావు కదూ అన్నాడట. సోమసుందరం ఏడుపుమొహం పెట్టి, “కావాలంటే పరీక్ష పెట్టించండి, అబ్కారీ జోగులు ఉన్నాడు” అన్నాడు. అలా ఆ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి నన్ను పిలిపించారు. ఉతికిన పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని, పెళ్లికొడుకులా వెళ్లాను.

హోటలు అరుగు మీద దొర పేము కుర్చీలో కూర్చున్నాడు. యాజులుగారు ఉత్తరీయం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పక్కన నిలబడ్డారు. ఎదురుగా ఆరు కుండలు, వాటి మీద సుద్దతో అంకెలు. దొన్నెల్లోకి వంచి ఇవ్వడానికి కొండలమ్మ కూర్చుంది.

ఈ కొండలమ్మ సంగతి ముందే చెప్పాలి. నలభై అయిదేళ్ల కొండమనిషి. నీలగరువు అనే గూడేన్ని పుష్యమాసంలో ఖాళీ చేయించినప్పుడు దిగివచ్చి, రోడ్డు పక్క పాకలో ఉంటోంది. హోటలుకి గొలుగొండ నుంచి జీలుగుకల్లు తెచ్చిపెట్టే పని సోమసుందరం ఈమెకిచ్చాడు. దొర బల్ల మీదకి సరుకు తెచ్చేది గనక ఠాణా దాటి పోవడానికి చీటీ కూడా ఇప్పించాడు. పాకల్లో ఎవరికీ లేని చీటీ అది.

మొదటి దొన్నె పుచ్చుకున్నాను. “తాటికల్లండి. నక్కపల్లి. ఉపమాకకి ఇవతల ఇసకనేల సెట్టు” అన్నాను. కాళ్లు దక్షిణానికి తిరిగాయి. బొట్టు వదిలాను. యాజులుగారు అట్ట చూసి తలూపారు. ఎందుకు తిరిగాడని దొర అడిగాడు. యాజులుగారు చెప్పారు. దొరకి అది మహా ముచ్చటేసింది. జేబులోంచి గడియారమంత ఇత్తడి డబ్బీ తీశాడు. అందులో సూది ఊగుతోంది. దిక్కులు చూసే సూది. ఇంకో మనిషి చేత మన్యం పటం తెప్పించి బల్ల మీద పరిచాడు. సూదితో నా నిలుపు కొలిచి, పటం మీద పెన్సిలుతో గీత గీశాడు. గీత సరాసరి నక్కపల్లి మీదుగా పోయింది. “భేష్!” అన్నాడు తెలుగులో.

ఆ భేష్‌కి నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. రెండో దొన్నె ఏటికొప్పాక ఈతకల్లు, వరాహనది ఒడ్డు చెట్టు. మూడోది పాయకరావుపేట కొబ్బరి. నాలుగోది మాడుగుల ఇప్పసారా. చెప్పడం, తిరగడం, బొట్టు వదలడం. అవసరానికి మించి మడమ మీద గిరుక్కున తిరుగుతున్నాను కూడాను. ప్రతిసారీ సూది, ప్రతిసారీ గీత. నాలుగు గీతలూ నాలుగు ఊళ్ల నడినెత్తిన పోయాయి. సోమసుందరం మొహం దీపంలా వెలిగిపోతోంది. తన చావు తనే కొని తెచ్చుకునే మేక కూడా నా అంత హుషారుగా గంతులెయ్యదు.

ఐదో దొన్నె అందుకున్నాను. చల్లగా, పాలనురగలా ఉంది. జీలుగే. ఆ మాట ఎవడైనా చెబుతాడు. అసలు గుట్టు చెట్టు పట్టలో ఉంటుంది. జీలుగుకల్లు కుండలో కొండవాళ్లు అడవిచెట్టు బెరడు చెక్కి వేస్తారు, పట్టంటే అదే. గూడేనికొక పట్ట, ఒకరిది ఒకరు వెయ్యరు. గొలుగొండ పట్ట వగరుగా గొంతులో ఆగుతుంది. ఇది ఆగలేదు. ముందు చిరుచేదు, వెనకనుంచి ఎక్కడో తీపి. పన్నెండేళ్ల వయసులో మా నాయనతో ఒక వేసవంతా ఆ తీపి తాగాను. ఊట పక్కన పన్నెండు జీలుగు చెట్లు. నీలగరువు.

పేరు నాలుక చివరికొచ్చేసింది. అబద్ధమెందుకు, సంతోషంతోనే వచ్చింది. ఇన్నేళ్ల తరవాత కూడా పోల్చుకున్నానన్న పొగరు. నోరు తెరవబోతూ కొండలమ్మని చూశాను. ఆమె నా మొహం చూడటం లేదు. నా కాళ్ల వంక చూస్తోంది.

అప్పుడు బుర్ర పనిచేసింది. నీలగరువులో మనిషన్నవాడు లేడు, సర్కారు లెక్క ప్రకారం. కాని చెట్టు తనంతట తను కల్లు దించుకోదు. రెండుపూటలా ఎవరో ఎక్కి గెల కొయ్యాలి, కుండ కట్టాలి, నాలుగు రోజులు మానేస్తే ఎండిపోతుంది. ఎవరో ఉన్నారు. ఎవరో కూడా తెలిసిపోయింది. పుష్యంలో పాకల్లో జనాన్ని లెక్కరాసే పనికి కచేరీ గుమాస్తాలనందరినీ వేశారు. గూడెం పాత లెక్కలో పేరు చూసి నేనే అడిగాను కొండలమ్మని, “నీ కూతురు సింహాద్రమ్మేదీ?” అని. “సచ్చిపోనాది బాబూ” అంది. ఏడవలేదు. చచ్చిపోయిందని రాసుకున్నాను. సింహాద్రమ్మ అప్పటికి నిండు నెలల మనిషని పాకల్లో విన్నాను. పాకల్లో కలరా తిరుగుతోంది. ఆ పిల్లనీ మొగుణ్ణీ పైనే దాచి, దొర చీటీతో ఠాణా దాటి ఉప్పూ బియ్యం మోసుకుపోతూ, అక్కడి కల్లే గొలుగొండ కల్లని పట్టుకొస్తోంది ఈ తల్లి.

“జీలుగండి. గొలుగొండ” అన్నాను. గొంతు మామూలుగానే పలికింది.

కాళ్లు అప్పటికే తిరిగిపోయాయి. బొట్టు నేల మీద పడింది. గొలుగొండ పడమర, నీలగరువు ఉత్తరం. నేను ఉత్తరానికి తిరిగి నిలబడ్డాను.

దొర సూది చూశాడు. పటం చూశాడు. నన్ను చూశాడు. ఈసారి భేష్ అనలేదు. యాజులుగారితో ఏదో అన్నాడు.

“గొలుగొండ అటు కదా, నువ్వు ఇటు తిరిగావేమని అడుగుతున్నారు. ఇటేముందని అడుగుతున్నారోయ్” అన్నారు యాజులుగారు.

భయమంటే ఏమిటో అంతవరకూ నాకు తెలియదు. ఎంతమందికి పెట్టానో గాని, నేను తినలేదు. పైన ఒక ఆడపిల్ల, మూడు నెలల పసిగుడ్డు. నా మాట కోసం దొర పెన్సిలు పటం మీద ఎత్తి పట్టుకున్నాడు.

“తల... తల తిరిగిపోతందండి బాబూ” అన్నాను.

“నీకా?” అన్నారు యాజులుగారు. ఆయన ఆశ్చర్యం నిజమైనదే. కుండలకి కుండలు తాగి నిటారుగా కచేరీకి పోయే మనిషిని నేను.

“నాకేనండి. ఎండ దెబ్బండి. ఆరోది బేగి ఇచ్చీయే కొండలమ్మా” అన్నాను. ఆమె వణక్కుండా వంచి ఇచ్చింది. దొన్నె అందిస్తూ ఒక్కసారి నా కళ్లలోకి చూసింది. నేను రెప్ప వాల్చాను. అంతకంటే ఏమీ చెయ్యలేకపోయాను.

బెల్లంసారా. చోడవరం, తూర్పు. “సోడారం” అని అరిచి, తూలి, రెండు చుట్లు తిరిగాను. తిరుగుతూనే దొన్నెలో సగం సారా యాజులుగారి మీద కుమ్మరించాను. ఆయన ఉత్తరీయం మీద, జంధ్యం మీద, పెదవుల మీద కూడా పడింది. తూలి కాదు, గురి చూసి.

“శివ శివా!” అని ఆయన గెంతారు. “అప్రాచ్యుడా! నా ఆచారం మంట కలిపావు కదరా!” ఆ మాట అన్నదే ఆఖరు. నోరు గట్టిగా మూసేసుకున్నారు. తల మీంచి స్నానం చేసి, జంధ్యం మార్చుకుని, గాయత్రి చేసుకుంటే గాని ఆయన ఇంక పెదవి విప్పరు. ఊరంతటికీ తెలిసిన సంగతే. దొర వెనకనుంచి కేకలేస్తున్నా వినకుండా అగ్రహారం వైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయారు.

దొరకి దుబాసీ లేకుండా పోయాడు. దొరకొచ్చిన తెలుగు పది మాటలు. అందులో సగం తిట్లు. సోమసుందరాన్ని పిలిచి ఉత్తరం వైపు చెయ్యి చూపించి ఇంగ్లీషులో గద్దించాడు. బట్లరు ఇంగ్లీషు వడ్డనకి సరిపోతుంది గాని విచారణకి సరిపోతుందా? “యస్సార్, హిల్లు సార్. ప్లెంటీ హిల్లు సార్” అన్నాడు వాడు, చేతులు కట్టుకుని. నేను స్తంభానికి చేరగిలబడి గురక మొదలుపెట్టాను. ఒక బూటు నా డొక్కలో తగిలింది. గురక ఆపలేదు.

గురక మధ్యలో ఒక కన్ను తెరిచి చూస్తే కుండల దగ్గర కొండలమ్మ లేదు. నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు మాత్రం నేల మీద ఉంది. నడక తెలిసిన మనిషికి నీలగరువు ఒకపూట దారి. దొర కదలడం ఎంత ఆలస్యమైతే అంత మంచిది. యాజులుగారు నూతి దగ్గర ఇంకో నాలుగు చేదలు పోసుకోవాలని నా ఇలవేలుపుకి మొక్కుకున్నాను. బాపనయ్య స్నానం కోసం మొక్కుకున్న కల్లుగీతవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఆయన దీపాలవేళకి గాని తిరిగి రాలేదు. దొర అప్పటికి నన్ను అడగడం మానేశాడు. కుర్చీలోంచి లేచి, ఐదో దొన్నె తాగినప్పుడు నేను నిలబడ్డ చోటికి వచ్చాడు. అరుగు మీద ఆ బొట్టు మరక ఇంకా ఉంది. సరిగ్గా దాని మీద కాళ్లు పెట్టి, సూది చేత్తో పట్టుకుని, నేను చూసిన వైపే కొండల్ని చాలాసేపు చూశాడు. తరవాత పటం మీదకి వంగి ఐదో గీత గీశాడు. అది ఎక్కడెక్కడినుంచి పోయిందో పడుకున్న చోటినుంచి నాకు కనపడలేదు. కనపడక్కర్లేదు కదా, ఆ గీత గీసింది నా మడమలే.

సోమవారం తెల్లవారకముందే పటాలం ఉత్తరం దారి పట్టింది.

మూడు రోజులు నాకు తిండి దిగలేదు. కొండ వైపు ఎక్కడ రాయి దొర్లినా తుపాకీ మోతలా వినపడేది. కొండలమ్మ సమయానికి చేరిందా? చేరినా పసిగుడ్డుతో ఎంతదూరం పోగలరు? వాళ్లని తాళ్లతో కట్టి రోడ్డు వెంట నడిపించుకొస్తున్నట్టు కళ్లు మూస్తే కనపడేది. మేనమామ కొడుకుని తీసుకుపోయిన రోజు కూడా గుర్తొచ్చింది. ఆరోజు నేను కచేరీ మెట్ల మీద నిలబడి చూశాను. అప్పుడు గుచ్చుకోనిది ఇప్పుడు గుచ్చుకుంది. ఆదివారం అరుగు మీంచి ఇంటికి తెచ్చుకున్న కొండలమ్మ చుట్టకుదురుని, ఆనవాలు మిగలకుండా మా పొయ్యిలో పెట్టి కాల్చేశాను.

గురువారం మధ్యాహ్నం పటాలం తిరిగొచ్చింది. తాళ్లకి కట్టినవాళ్లు ఎవరూ లేరు. నేను గుండెలనిండా ఊపిరి పీల్చుకునేలోగా కబురొచ్చింది, హోటలుకి రమ్మని.

అదే అరుగు, అదే పేము కుర్చీ. బల్ల మీద పటం, సూది, ఒక మట్టికుండ. యాజులుగారు నాకు పది అడుగుల దూరంలో నిలబడ్డారు.

“గూడెంలో ఎవరూ దొరకలేదట” అన్నారు. “పొయ్యి ఇంకా వెచ్చగా ఉందట. దూలానికి ఉయ్యాల కట్టి ఉందట. చెట్లన్నీ నరికించేశారట, పన్నెండూ. ఒక చెట్టుకి కట్టి ఉన్న కుండ ఇది. మొన్న నువ్వు తాగిన ఐదోదీ, ఇదీ ఒకటేనా? దొరవారికి ఆ ముక్క కావాలి. చూసి చెప్పు.”

తలుపు వెనక సోమసుందరం పళ్లు టకటకలాడుతున్న చప్పుడు నాకు వినపడుతోంది. అవునన్నానా, కొండలమ్మ కోసం మన్యమంతా జల్లెడ పడతారు, చీటీ ఇప్పించిన ఈ వెర్రిబాగులవాడు జైలుకి పోతాడు. కాదన్నానా, దొర నా నోటిని నమ్మడు. నా కాళ్లని నమ్ముతాడు. అందుకే సూది మూత తీసి పెట్టుకున్నాడు.

“కూకుని తాగుతానండి” అన్నాను.

“నిలబడే తాగమంటున్నారు” అన్నారు యాజులుగారు.

దొన్నె ఎత్తాను. చిరుచేదు, వెనకనుంచి ఆ తీపి. అదే. కొట్టేసిన చెట్టు ఆఖరి కల్లు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాళ్లు కదలబోయాయి. కాలి వేళ్లతో అరుగు గచ్చుని గట్టిగా పట్టుకున్నాను. ఎడమకాలి బొటనవేలు గోరు విరిగి నెత్తురొచ్చింది. కదలలేదు. మా నాయన మోకు నా వీపు మీద పడుతున్నట్టే ఉంది. ఆఖరి బొట్టు నేలకి వదలకుండా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అది కూడా మింగేశాను.

“తెల్దండి” అన్నాను.

యాజులుగారు నా వైపు చూశారు. నెత్తురు కారుతున్న నా వేలి వైపు చూశారు. నేనన్నది ఒక్క మాట. ఆయన దొరతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. తలూపారు, చేతులు తిప్పారు, నా నుదుటి వైపు చూపించి పిచ్చివాడన్నట్టు వేళ్లు ఆడించారు. ఏం చెప్పారో నేను ఎన్నడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆయన నాతో మళ్లీ మాట్లాడనే లేదు.

దొర సూది మూత పెట్టేశాడు. నన్ను పొమ్మని చేత్తో విదిలించాడు. కచేరీలో కల్లు పరీక్ష పని నా దగ్గరనుంచి తీసేసి నకళ్లు రాసే పనికి వేశారు. జోగులు నాలుక చచ్చిందని ఊళ్లో చెప్పుకున్నారు. సోమసుందరం ఆ ఆరు ఊళ్ల అట్టని పొయ్యిలో పారేసి, గోడ మీద బొగ్గుతో ‘కల్లు, సారా’ అని రాసుకున్నాడు. ఎవరు ముంత తెచ్చినా నేను తెల్దు అంటున్నాను. ఆ మాట ఇప్పుడు నాకు బాగా అలవాటైంది.

మరుసటి ఏడు మాఘంలో ఒకరోజు పొద్దున్నే తలుపు తీస్తే గడప పక్కన కొండవాళ్లు కల్లు మోసే ఆనపబుర్ర ఒకటి ఉంది. ఆకుతో బిరడా వేసి ఉంది. వీధిలో ఎవరూ లేరు. పితూరీ ఇంకా అణగలేదు, డేరాలు ఇంకా ఎత్తలేదు. బుర్ర చంకలో దాచుకుని లోపలికి తెచ్చి, తలుపు గడియ వేసి, కిటికీ కూడా మూశాను. ఒక్క గుక్క పుచ్చుకున్నాను.

జీలుగు. పట్ట నీలగరువుదే, ముందు చిరుచేదు, వెనకనుంచి తీపి. చెట్టు మాత్రం వేరే కొండది. ఏ కొండదో తెలిసింది.

ఈసారి కాళ్లని ఆపలేదు. తిరిగాను. ఆఖరి బొట్టు నేలకి వదిలాను. ఎటు తిరిగానో మాత్రం ఇక్కడ రాయను.